ఉగాదికి ఇంట్లో పచ్చని గోధుమ గడ్డి: సీమ ఎండలకు తగిన 20 చిట్కాలు

చైత్రం వచ్చేసరికి కడప జిల్లా తుమ్మలపల్లె చుట్టుపక్కల పచ్చదనమంతా బోర్ల కిందే కనిపిస్తుంది. అరటి తోటలూ చీనీ తోటలూ మినహాయిస్తే, వానకు పండే చేలన్నీ కోతలై బీళ్ళుగా ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉగాది. దేవుని గూటి ముందో, గడప పక్కనో పచ్చని గోధుమ గడ్డి నిలబడితే ఇంటికి పండుగ కళ వస్తుంది. దీనికి పెరడు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. గుప్పెడు గింజలు, ఒక చిన్న మూకుడు, రోజుకో టీ గ్లాసు నీళ్ళు ఉంటే చాలు.

గింజ మొలకెత్తించి శుభకార్యం మొదలుపెట్టడం మనకు తరతరాల అలవాటు. పెళ్ళిళ్ళలో పాలికల నిండా నవధాన్యాలు చల్లుతాం. తిరుమల, ఒంటిమిట్ట బ్రహ్మోత్సవాలకు ముందు రాత్రి అంకురార్పణ జరుగుతుంది. లంబాడీ తండాల్లో తీజ్ పండుగకు పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలే విత్తి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి పెంచుతారు. ఇరాన్‌లో మార్చి 20, 21 తేదీల్లో వచ్చే నౌరోజ్ కొత్త సంవత్సరానికి ప్రతి ఇంట్లోనూ ఒక పళ్ళెం నిండా గోధుమో, పెసరో, మసూరో మొలకెత్తించి పెడతారు. అయితే చల్లని ఊళ్ళ కొలతలు మన ఎండలకు సరిపోవు. గోధుమ ఉత్తరాదిన చలికాలంలో పెరిగే పైరు. కడప, కర్నూలు వేసవిలో దాన్ని పెంచాలంటే కొన్ని మెలకువలు కావాలి. అవే ఇవి.

1. పండుగ నుంచి వెనక్కి లెక్కపెట్టండి.
ఉగాదికి తొమ్మిది రోజుల ముందు రాత్రి గింజలు నానబోయండి. ఎనిమిదో రోజు పొద్దున మూట కట్టండి. ఏడో రోజు పొద్దున విత్తండి. అయిదో రోజు మూత తీయండి. పండుగ నాటికి గడ్డి 12 నుంచి 15 సెంటీమీటర్లు ఉంటుంది. మరీ ముందుగా మొదలుపెడితే వేడికి తొందరగా సాగి, పండుగ పొద్దుటికి వాలిపోతుంది. ఎత్తు కాస్త తక్కువైనా నిటారుగా నిలిచిన గడ్డే అందం.

2. పిండి పట్టించడానికి కొనే గోధుమలే తెచ్చుకోండి.
కిరాణా కొట్లో విడిగా అమ్మే గోధుమలు చాలు. నలిగినవి, పొట్టు తీసినవి మొలవవు. ముక్కపురుగు తొలిచిన గింజలకు సన్నని రంధ్రాలు కనబడతాయి. అవి కుళ్ళి బూజుకు మూలమవుతాయి, కాబట్టి చాటలో చెరిగి ఏరేయండి. విత్తనాల దుకాణంలో దొరికే ఎరుపు, గులాబీ రంగు పూసిన గింజలు మాత్రం ఇంట్లోకి తేవద్దు. ఆ రంగు తెగుళ్ళ మందు కలిపిన గుర్తు. పిల్లలూ పశువులూ తాకే చోట అది ఉండకూడదు.

3. ముందే మొలక పరీక్ష చేయండి.
పండుగకు రెండు వారాల ముందే 20 గింజలు లెక్కపెట్టి, తడిగుడ్డలో చుట్టి ఒక మూల పెట్టండి. గుడ్డ ఆరకుండా చూస్తూ మూడో రోజు విప్పండి. 16, అంతకంటే ఎక్కువ మొలిస్తే మంచి గింజ. 12 నుంచి 15 మొలిస్తే కొంచెం ఎక్కువ గింజ తీసుకోవాలి. అంతకంటే తగ్గితే వేరే కొట్లో కొనడమే మేలు. వేరుశనగ విత్తే ముందు రైతు చేసే పరీక్షే ఇది. గింజ మీద అనుమానం ముందే తీరిపోతే తర్వాత పనంతా నిశ్చింతగా సాగుతుంది.

4. పాత్ర వెడల్పును బట్టి గింజ కొలవండి.
15 సెంటీమీటర్ల వెడల్పున్న మూకుడుకు 50 గ్రాములు, అంటే ఒక గుప్పెడు సరిపోతాయి. 25 సెంటీమీటర్ల పళ్ళేనికి 130 నుంచి 150 గ్రాములు కావాలి. నానిన గింజలు పక్కపక్కన ఆనుకుని ఒకే పొరగా పరుచుకోవాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే కిందివి ఊపిరాడక కుళ్ళిపోతాయి. పలచగా చల్లితే గడ్డి మధ్య ఖాళీలు కనబడి, ఒకదానికొకటి ఆసరా లేక పోచలు పడిపోతాయి.

5. రాత్రి నానబెట్టండి, పొద్దున మూట కట్టండి.
గింజలు రెండు మూడు సార్లు కడిగి, మూడింతల నీళ్ళలో 8 గంటలు నానబెట్టండి. వేసవిలో అంతకు మించి ఉంచితే నీళ్ళు పులిసి వాసన వస్తాయి. తర్వాత వడగట్టి, పలచని నూలుగుడ్డలో వదులుగా మూట కట్టి, తాగునీటి కుండ పక్కన చల్లగా ఉండే చోట పెట్టండి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి మూటను మంచినీళ్ళలో ముంచి పిండండి. మర్నాటికి గింజ కొనలో తెల్లని ముక్కు కనబడుతుంది. అదే విత్తే అదును. వేరు ఇంకా సాగితే పరిచేటప్పుడు విరిగిపోతుంది.

6. మట్టి మూకుడే మొదటి ఎంపిక.
మట్టిపాత్ర గోడల గుండా నీరు ఆవిరవుతూ వేళ్ళను చల్లగా ఉంచుతుంది. మన వేసవికి ఇంతకంటే మంచి సాయం లేదు. కొత్త మూకుడును వాడే ముందు కొన్ని గంటలు నీళ్ళలో నానబెట్టాలి, లేకపోతే గింజకు పోసిన తడిని తనే తాగేస్తుంది. అడుగున రంధ్రం లేకపోతే పలచగా గులకరాళ్ళు పరవండి. స్టీలు పళ్ళేలు త్వరగా వేడెక్కుతాయి. ఇత్తడి తాంబాళంలో పెట్టాలని ఉంటే మూకుడులో పెంచి, పండుగ పొద్దున ఆ మూకుడును తాంబాళంలో అమర్చండి.

7. అరటి దొప్పలు వాడి చూడండి.
పులివెందుల వైపు అరటి తోటలకు కొదవ లేదు. గెల కోశాక మిగిలిన బోదె పట్టల్ని మూరెడు పొడవున కోస్తే సహజమైన దొప్పలవుతాయి. వాటిలో కాస్త మట్టి నింపి గింజ చల్లితే గడప పొడవునా పచ్చని వరుస తయారవుతుంది. పట్టలోనే నీరు ఉంటుంది కాబట్టి తడి త్వరగా ఆరదు. పండుగయ్యాక దొప్పతో సహా ఎరువు గుంతలో వేసేయవచ్చు. వారం దాటితే పట్ట మెత్తబడుతుంది కనుక కింద ఒక పళ్ళెం ఉంచండి.

8. నల్లరేగడి ఒక్కటే వాడవద్దు.
రేగడి తడిస్తే జిగటగా ముద్దవుతుంది, ఆరితే బీటలిస్తుంది. రెండూ లేత వేళ్ళకు చెరుపే. రెండు పాళ్ళ ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి జల్లించండి. రెండు మూడు సెంటీమీటర్ల మందం చాలు. ఈ కొద్ది రోజులకు గడ్డి ప్రధానంగా గింజలో దాచుకున్న పిండితోనే పెరుగుతుంది, మట్టి పని తడిని పట్టి ఉంచడమే. పచ్చిపేడ వేస్తే వేడి పుట్టి, పురుగు చేరుతుంది. పాలికలకు పుట్టమన్ను తెచ్చే ఆచారమున్న ఇళ్ళు ఆ మట్టినే ఎరువుతో కలిపి వాడుకోవచ్చు.

9. మట్టి దొరకని చోట గోనెగుడ్డ చాలు.
బెంగళూరులోనో, హైదరాబాదులోనో అద్దె గదుల్లో ఉండే మన పిల్లలకు ఇది అనువైన దారి. శుభ్రంగా ఉడికించి ఆరేసిన గోనెగుడ్డను రెండు మడతలు వేసి జల్లెడ లాంటి పళ్ళెంలో పరిచి, దాని మీద మొలక గింజలు పరవండి. వేళ్ళు గోనె పోగుల్ని పట్టుకుని చాపలా అల్లుకుంటాయి. మట్టి లేదు కాబట్టి తడి త్వరగా ఆరుతుంది. రోజుకు మూడు సార్లు చిలకరించి, కిందికి దిగిన నీళ్ళు ఎప్పటికప్పుడు పారబోయాలి.

10. రెండు రోజులు మూసి ఉంచండి, ఆ పైన వద్దు.
విత్తిన గింజ మీద మట్టి కప్పాల్సిన పని లేదు. తడిగుడ్డ పరిచి, పైన ఇంకో మూకుడు బోర్లించండి. చీకటిలో వేళ్ళు కిందికి దిగి, మొలకలు ఎత్తుగా సాగుతాయి. అంగుళం ఎత్తు రాగానే మూత తీయండి. అప్పటికవి పసుపుపచ్చగా ఉంటాయి, కంగారు పడవద్దు. పత్రహరితం తయారు కావడానికి గోధుమకు వెలుతురు కావాలి. వెలుతురులో పెట్టిన మర్నాటికే ఆకుపచ్చ రంగు పట్టేస్తుంది.

11. వెలుతురు కావాలి, ఎండ తగలకూడదు.
గోధుమ మొలకకు 20 నుంచి 25 డిగ్రీల వేడి హాయి. 30 దాటితే బూజు తొందరపడుతుంది. కాబట్టి ఇంట్లో అన్నిటికంటే చల్లని చోటు వెతకండి. పాత మట్టి మిద్దెల్లో గవాక్షి కింద పడే వెలుతురు చక్కగా సరిపోతుంది. కాంక్రీటు ఇళ్ళలో ఉత్తరం వైపు కిటికీ దగ్గర నేల మీద పెట్టండి. కడప బండలు, బేతంచెర్ల బండలు పరిచిన నేల మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. పడమటి కిటికీ, పొయ్యి గట్టు, ఫ్రిజ్ వెనుక వేడిగాలి తగిలే చోటు పనికిరావు. పై అంతస్తు కప్పు వేడెక్కే ఇళ్ళలో కింది గదే మేలు.

12. నీళ్ళు కొద్దిగా, వేళకు పోయండి.
పొద్దున్నే ఒకసారి, సందెవేళ ఒకసారి చేత్తో చిలకరించండి. వడగాడ్పు రోజుల్లో మధ్యాహ్నం మూడోసారి. చిన్న మూకుడుకు రోజంతటికీ ఒక టీ గ్లాసు చాలు. ట్యాంకులో కాగిన నీళ్ళు నేరుగా పోయవద్దు; కుండలో చల్లారిన నీళ్ళు పోయండి. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువైతే ఆకు కొనలు మాడి, మట్టి మీద తెల్లని పొర కడుతుంది. అప్పుడు తాగే నీళ్ళకు మారండి. బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకు మంచివే అయినా ఇక్కడ వద్దు, మూకుడులో పులిసి బూజు పెంచుతాయి.

13. రోజూ పావు వంతు తిప్పండి.
కిటికీ పక్కన పెట్టిన గడ్డి వెలుతురు వైపు ఒరుగుతుంది. చార్లెస్ డార్విన్ తన కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి గడ్డి మొలకల కొనలకు చిన్న చిన్న టోపీలు తొడిగి చూశాడు. కొన మూసుకుపోయిన మొలక వంగలేదు. వెలుతురు ఎటునుంచి వస్తోందో పసిగట్టేది కొనేనని వాళ్ళు 1880లో తమ పుస్తకంలో ప్రకటించారు. మన పని సులువు: నీళ్ళు చిలకరించిన ప్రతిసారీ మూకుడును కాస్త తిప్పితే గడ్డి నిటారుగా పెరుగుతుంది.

14. వేరు నూగును చూసి బూజనుకోవద్దు.
మూడో రోజు గింజల చుట్టూ తెల్లని నూగు కనబడగానే చాలామంది మూకుడు పారేస్తారు. నీళ్ళు చిలకరించి చూడండి. నూగు వేరుకు అంటుకుని కనబడకుండా పోతే అది వేరు కేశాలు, ఆరోగ్యానికి గుర్తు. గింజకూ గింజకూ మధ్య సాలెగూడులా అల్లుకుని, బూడిద రంగుకు తిరిగి, ముక్క వాసన వస్తే బూజు. ఒక మూలకే ఉంటే ఆ భాగాన్ని మట్టితో సహా చెంచాతో తీసేసి, ఒక పూట నీళ్ళు ఆపి, ఫ్యాను గాలి దూరంగా తగలనివ్వండి. మూకుడంతా పాకితే ఎరువు గుంతలో వేసి, కడిగిన పాత్రలో మళ్ళీ మొదలుపెట్టండి.

15. చీమలకూ ఎలుకలకూ అడ్డు పెట్టండి.
నానిన గోధుమ తియ్యగా ఉంటుంది, చీమలు మొదటి రోజే దారి కట్టేస్తాయి. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో ఇటుక ముక్క పెట్టి దానిమీద మూకుడు నిలపండి. రాత్రిపూట ఎలుకలు తిరిగే ఇళ్ళలో మొదటి నాలుగు రోజులు వెదురు గంప బోర్లించి, పైన బరువు పెట్టండి. గింజ ఖాళీ అయి గడ్డి ఎదిగాక వాటికి ఆసక్తి తగ్గుతుంది.

16. నీళ్ళు పోసే పని పిల్లలకు అప్పగించండి.
తీజ్ బుట్టల దగ్గర చూడాల్సింది ఆ ఆడపిల్లల శ్రద్ధే. వాళ్ళు పాటలు పాడుతూ, వేళ తప్పకుండా పెంచుతారు. ఇంట్లో ప్రతి బిడ్డకూ ఒక చిన్న మూకుడు ఇచ్చి, మీద సుద్దతో పేరు రాయించండి. రోజూ స్కేలు పెట్టి కొలిచి నోటుపుస్తకంలో రాసుకోమనండి. గింజలో నుంచి వేరు ముందు వస్తుందని, ఆకు తర్వాత వస్తుందని కళ్ళారా చూసిన పిల్లలకు సైన్సు పాఠం వేరే చెప్పాల్సిన పని ఉండదు.

17. పండుగ ముందు రోజు కత్తిరించి, పొద్దున అలంకరించండి.
ఎగుడుదిగుడు కొనల్ని పదునైన కత్తెరతో ఒకే ఎత్తుకు కత్తిరించండి. నడుమున పసుపు దారమో, ఎర్రని రిబ్బనో వదులుగా చుడితే పోచలు వాలవు. మూకుడుకు సున్నం పూసి జాజుతో చుక్కలు పెట్టండి. మామిడాకుల తోరణం కింద, వేపపూత పళ్ళెం పక్కన, ఉగాది పచ్చడి గిన్నె ముందు దీని చోటు. దీపం మాత్రం జానెడు దూరంలో ఉంచండి. ఒకటి రెండు మూకుళ్ళు పొరుగింటికి ఇవ్వడానికి అదనంగా పెంచండి. దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ఉగాది నాడు ముస్లింలు కూడా బీబీ నాంచారమ్మను తలచుకుని కొబ్బరికాయలతో వచ్చే జిల్లా ఇది. పచ్చని మూకుడు ఏ గడపకైనా నప్పే కానుక.

18. నవధాన్యాల మూకుడు పెంచాలనుకుంటే గదులు చేయండి.
గోధుమలు, వడ్లు, కందులు, పెసలు, శనగలు, అలసందలు, నువ్వులు, ఉద్దులు, ఉలవలు అన్నీ ఒకే వేగంతో మొలవవు. పెసలు, అలసందలు ముందు దూకుతాయి, వడ్లు నెమ్మది. కలిపి చల్లితే ముందు మొలిచినవి వెనకవాటిని కప్పేస్తాయి. వెడల్పాటి పళ్ళెంలో కొబ్బరి ఈనెలతో తొమ్మిది గదులు చేసి, వడ్లను ఒక రోజు ముందే నానబెట్టండి. నువ్వుల్ని నానబెట్టకుండా చివరిలో పైపైన చల్లండి. ఎండ బాగా ముదిరాక గోధుమ మొరాయిస్తే సజ్జలు చల్లండి. అవి వేడికి పుట్టిన పైరు.

19. రసం తాగాలనుకుంటే దానికి వేరే మూకుడు పెట్టండి.
గోధుమ గడ్డి రసం జబ్బులు నయం చేస్తుందని చాలామంది చెబుతారు. అది ఆకుకూరలాంటి ఆహారం. మందుకు బదులు కాదు. రోజూ మందులు వాడేవాళ్ళు, గర్భిణులు, గోధుమ పడనివాళ్ళు డాక్టరును అడగకుండా తాగవద్దు. బూజు ఏ కొంచెం కనబడినా ఆ మూకుడు గడ్డి నోట్లో పెట్టకూడదు. నీళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు తమ బోర్ల నీళ్ళ నాణ్యత గురించి ఏళ్ళుగా ఫిర్యాదు చేస్తున్నారు. అలంకరణకు ఉప్పు ఎక్కువ లేని ఏ నీళ్ళయినా సరే. తాగే రసం కోసం పెంచే గడ్డికి మాత్రం పరీక్షించిన తాగునీళ్ళే పోయండి.

20. గడ్డిని వృథా చేయకండి, ఉగాది నాడే రెండో మూకుడు పని మొదలుపెట్టండి.
తీజ్ బుట్టల్ని చెరువులో కలుపుతారు, ఇరాన్‌లో పదమూడో రోజున పారే నీటిలో వదులుతారు. వేసవిలో మన వాగుల్లో ఉండేది ఇసుకే. అందుకే పండుగ గడ్డిని ఆవుకో మేకకో వేయండి, లేదా వేళ్ళ చాపతో సహా మునగ, నిమ్మ, కరివేపాకు పాదులో బోర్లించండి. ఆ చాప పాదులో తడిని కాపాడుతుంది. జొన్నలు మొలిపించిన వాళ్ళు మాత్రం ఆ లేత మొలకల్ని పశువుకు వేయవద్దు, వాటిలో సయనైడ్ విషం పుడుతుంది. బూజు పట్టిన గడ్డి ఏదీ వేయవద్దు.
ఇక ఉగాది పాడ్యమి, శ్రీరామనవమి తొమ్మిదో రోజు. మొదటి మూకుడు దేవుని ముందు పెట్టిన పూటే, ముందు రాత్రి నానబెట్టి ఉంచిన గింజల్ని మూట కడితే, ఒంటిమిట్ట కోదండరాముని బ్రహ్మోత్సవాలు మొదలయ్యే నవమి నాటికి రెండో మూకుడు పచ్చగా సిద్ధమవుతుంది. ఎండ మరికాస్త ముదిరి ఉంటుంది కనుక గింజ కొంచెం పలచగా చల్లి, నీళ్ళు మూడు పూటలా చిలకరించండి. ఏ మూకుడు ఎన్ని రోజుల్లో ఎంత ఎదిగిందో క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది మీ ఇంటికి సరిపోయే లెక్క అదే.